సెప్టిక్ ట్యాంక్ పొంగుతోందా? బండి పిలిచే ముందు నీళ్లు ఎక్కడ ఆగాయో చూడండి

కమోడ్‌లో నీళ్లు దిగకపోతే మన నెల్లూరు, ఒంగోలు వైపు ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటే: "ట్యాంక్ నిండిపోయింది, బండి పిలిపించండి." ట్యాంకర్ బండి వస్తుంది, మురుగు లాగుతుంది, డబ్బులిచ్చి పంపిస్తాం. నెల తిరక్కుండానే మళ్లీ అదే తంతు. చాలా ఇళ్లలో తప్పు ట్యాంకులో ఉండదు. ట్యాంకుకి ముందున్న పైపులోనో, తర్వాత ఉన్న ఇంకుడు గుంతలోనో ఉంటుంది. లారీ వాళ్ల గొట్టం ఆ రెండు చోట్లకీ పోదు.

అందుకే నీళ్లు ఏ చోట ఆగాయో ముందు తేల్చుకోవాలి. దానికి పెద్ద సామాను అక్కర్లేదు. గునపం, టార్చిలైటు, పొడవాటి కర్ర, పాత తెల్ల తువ్వాలు, బకెట్, రబ్బరు గ్లౌజులు ఉంటే చాలు. చాలా ఇళ్లలో ఒక పూటలో విషయం తేలిపోతుంది.

ట్యాంక్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది

ఇది తెలియకే సగం డబ్బులు పోతున్నాయి. కమోడ్ నుంచి వచ్చిందంతా మొదటి గదిలో పడుతుంది. బరువైనది అడుగుకి చేరి బురద అవుతుంది. నూనె, జిడ్డు, తేలికైనవి పైకి తేలి తెట్టె కడతాయి. మధ్యలో ఉన్న నీళ్లు అడ్డగోడకున్న రంధ్రం గుండా రెండో గదిలోకి, అక్కడి నుంచి బయటి పైపు ద్వారా ఇంకుడు గుంతలోకి పోతాయి. గాలి లేనిచోట బతికే సూక్ష్మజీవులు బురదలో కొంత తినేస్తాయి, మిగతాది ఏళ్ల తరబడి పేరుకుంటుంది. అంటే బాగా పనిచేస్తున్న ట్యాంకులో కూడా నీళ్లు బయటి పైపు మట్టం దాకా ఉంటాయి. మూత తీసి "అబ్బో, నిండుగా ఉంది" అన్నంత మాత్రాన ఏమీ తేలదు. ఆ నీళ్లు బయటి పైపు మట్టానికి పైన ఉన్నాయా, కింద ఉన్నాయా అన్నదే చూడాలి.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఫ్లష్ ఉన్న ఇళ్లకి మనిషికి రోజుకి 135 లీటర్లు అని మన దేశంలో ఇంజినీర్లు లెక్కకట్టే వాడకం. నలుగురున్న ఇంట్లో అది 540 లీటర్లు. మీ ట్యాంక్ 5,000 లీటర్లది అనుకోండి. బండి వచ్చి చుక్క లేకుండా లాగినా తొమ్మిది పది రోజుల్లో మళ్లీ నిండిపోతుంది. ఆ తర్వాత రోజుకి 540 లీటర్లు లోపలికి వస్తే 540 లీటర్లు బయటికి పోవాల్సిందే. బయట నేల వాటిని పీల్చుకోకపోతే ట్యాంక్ ఎంత పెద్దదైనా ఉపయోగం లేదు. కాబట్టి బండి లాగిన పది పన్నెండు రోజులకే మళ్లీ మొదలైతే దోషం ఇంకుడు గుంతదని ముందు అనుమానించండి.

మీ ఇంట్లో అసలు ఏముందో కూడా కనుక్కోండి. పాత ఇళ్లలో సెప్టిక్ ట్యాంక్ అని పిలిచేది చాలాచోట్ల సిమెంటు వరలు దింపిన ఒట్టి గుంతే. దానికి బయటి పైపు ఉండదు, వరల పక్కల నుంచి, అడుగు నుంచి ఇంకాలి. కొన్ని ఇళ్లలో ట్యాంక్ ఉంటుంది కానీ బయటి పైపు నేరుగా వీధి కాలవలోకి వదిలేసి ఉంటుంది. ఆ కాలవ పూడుకుపోయిన రోజున మీ కమోడ్ కూడా పొంగుతుంది. కట్టిన మేస్త్రీ దొరికితే అడగండి. లేదంటే మూతలు లెక్కపెట్టండి: ట్యాంకుకి రెండు, దానికి అవతల ఇంకొకటి ఉంటే అది ఇంకుడు గుంతది.

మూత తీసే ముందు

ఈ భాగాన్ని దాటేయకుండా చదవండి.

ట్యాంకులో మీథేన్, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటాయి. ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది. కుళ్లిన కోడిగుడ్డు కంపు కొట్టేది హైడ్రోజన్ సల్ఫైడ్. అది మోతాదు పెరిగితే ముక్కుకి వాసన పట్టే శక్తినే చంపేస్తుంది. అందుకే "వాసన తగ్గింది, ఇప్పుడు దిగొచ్చు" అనుకునే క్షణమే అన్నిటికన్నా ప్రమాదం. మీథేన్ అంటుకునే గ్యాసు కాబట్టి దగ్గర బీడీ, అగ్గిపుల్ల, దీపం ఉండకూడదు. కాగితం వెలిగించి లోపల వేసి చూడటం పాత అలవాటు, దాన్ని పూర్తిగా మానండి.

మూతలన్నీ తీసి అరగంట వదిలేయండి. గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడండి. ముఖం మూత మీదికి వంచకండి. పాత రాతి బండలు, తుప్పు పట్టిన కమ్మీల స్లాబు మూతలు విరుగుతాయి, వాటి మీద నిలబడొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక మనిషిని అక్కడే కాపలా పెట్టండి, పని ఆపిన ప్రతిసారీ మూత వేసేయండి.

ఎవరినీ లోపలికి దింపొద్దు. "మాకు అలవాటే సార్, ముక్కుకి గుడ్డ కట్టుకుంటాం" అన్నా ఒప్పుకోవద్దు, గుడ్డ గ్యాసుని ఆపదు. రక్షణ ఏర్పాట్లు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం, మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకి పరిహారం 30 లక్షలకి పెంచుతూ 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఎంత పరిహారమిచ్చినా పోయిన మనిషి తిరిగి రాడు. ఒకవేళ ఎవరైనా లోపల పడిపోతే కాపాడదామని వెంటనే దూకకండి. ఇలాంటి ప్రమాదాల్లో రెండో ప్రాణం, మూడో ప్రాణం పోయేది అలాగే. 112కో, అగ్నిమాపక శాఖ 101కో ఫోన్ చేసి, బయటి నుంచే తాడు అందించండి.

మొదటి మెట్టు: ఒక చోటేనా, అంతటానా?

వాడకం ఆపండి. వాషింగ్ మెషీన్ నడుస్తుంటే కట్టేయండి. తర్వాత ఇంట్లో ఒక్కో చోటా చెంబెడు నీళ్లు పోసి చూడండి.

బాత్రూమ్ నేల మీద మాత్రమే నీళ్లు నిలుస్తుంటే అది నహాని ట్రాప్ (నేల మీది జాలీ కింద నీళ్లు నిలిచి గ్యాస్‌ని ఆపే వంపు) గొడవ. జాలీ తీస్తే వెంట్రుకలు, సబ్బు జిడ్డు ముద్దగా వస్తాయి. వంటింటి సింక్ ఒక్కటే దిగకపోతే దాని కింద ట్రాప్ మరను చేత్తో విప్పి బకెట్‌లో దులపండి. ఒక్క కమోడే దిగకపోతే దాని మెడలోనే ఏదో ఇరుక్కుంది. వీటికి ట్యాంక్ దగ్గరికి పోనక్కర్లేదు.

కింది అంతస్తులో అన్నీ నెమ్మదించినా, పైన స్నానం చేస్తుంటే కింద కమోడ్ గుడగుడమన్నా, వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడు బాత్రూమ్ ట్రాప్‌లోంచి మురుగు ఎగదన్నినా మెయిన్ లైన్లోనో ఆ తర్వాతో అడ్డు ఉంది. రెండో మెట్టుకి రండి.

రెండో మెట్టు: ఛాంబర్ మూత

ఇంటి గోడకీ ట్యాంకుకీ మధ్య ఒకటో రెండో ఛాంబర్లు, అంటే పైపు దారిలో మూతతో కట్టిన చిన్న గదులు, ఉంటాయి. ఇంటికి దగ్గరున్నది ముందు తెరవండి. లోపల ఎవరినైనా ఫ్లష్ చేయమనండి.

ఛాంబర్ పొడిగా ఉండి, ఫ్లష్ చేసినా నీళ్లు రాకపోతే అడ్డు ఇంటికీ ఛాంబర్‌కీ మధ్య ఉంది. ఛాంబర్ నిండి ఉంటే అడ్డు దాని తర్వాత. రెండో ఛాంబర్ ఉంటే అదీ తెరవండి. మొదటిది నిండి, రెండోది ఖాళీగా ఉంటే ఆ రెండిటి మధ్య పైపులోనే ఉంది. ఇంత తేలాక ప్లంబర్‌కి ఎక్కడ తవ్వాలో, ఎక్కడ స్ప్రింగ్ వైర్ పెట్టాలో మీరే చెప్పొచ్చు. గోడ నుంచి ట్యాంక్ దాకా ఉన్న టైల్సంతా పగలగొట్టే అవసరం రాదు.

అడ్డు తీయడానికి ప్లంబర్ స్ప్రింగ్ వైర్ మంచిది. పొడవాటి వెదురు బద్ద కూడా పనిచేస్తుంది కానీ పీవీసీ బెండుల దగ్గర విరిగి లోపలే ఉండిపోతే కొత్త తలనొప్పి. ఎప్పుడూ నిండిన వైపు నుంచి కాకుండా, ఖాళీగా ఉన్న కింది ఛాంబర్ నుంచి పైకి పొడవడం మేలు. అడ్డు విడిపోగానే మురుగు ఒక్క ఊపున దూకుతుంది, పక్కకి నిలబడి చేయాలి.

ఒకే చోట మళ్లీ మళ్లీ అడ్డు పడుతుంటే ఆ పైపు వాలు చూడండి. 4 అంగుళాల పైపుకి ప్రతి 10 అడుగులకి 2 నుంచి 3 అంగుళాల వాలు ఉండాలి. మట్టి దిగబడి మధ్యలో పైపు కుంగితే అక్కడ కడుపు పడి చెత్త ఆగుతుంది. ఒంగోలు, నాగులుప్పలపాడు వైపు నల్లరేగడి నేలల్లో ఇది ఎక్కువ. ఆ మట్టి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చి, పైపు జాయింట్లని ఏటా కదిలిస్తుంటుంది. అలాంటి చోట పైపు కింద నల్లమట్టి తీసేసి, అర అడుగు ఇసుక పరిచి మళ్లీ వేయించండి. పక్కన వేప, రావి, బాదం లాంటి చెట్లుంటే వేళ్లు జాయింట్లలోంచి దూరాయేమో చూడండి. వైర్‌కి చుట్టుకుని సన్నని పీచులా వచ్చేది అదే.

యాసిడ్ గురించి గట్టిగా చెప్పాలి. అడ్డు పడగానే బాత్రూమ్ యాసిడ్ బాటిల్ బాటిల్ పోసేవాళ్లు చాలామంది. గుడ్డ, ప్యాడు, ప్లాస్టిక్ లాంటివి దానికి కరగవు. ట్యాంకులో పనిచేసే సూక్ష్మజీవులు మాత్రం చస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, ముందు బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే దాని మీద యాసిడ్ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపేసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది.

మూడో మెట్టు: ట్యాంకులో నీటి మట్టం

ఛాంబర్లన్నీ నిండి ఉంటే ఇప్పుడు ట్యాంక్ మొదటి మూత తీయండి. టార్చి వేసి చూడండి. లోపలికి వచ్చే పైపు, బయటికి పోయే పైపు రెండూ గోడల్లో కనిపిస్తాయి. బయటి పైపు రెండు మూడు అంగుళాలు కిందగా ఉండాలి.

నీళ్లు బయటి పైపు అడుగు దగ్గరే మామూలుగా ఉన్నాయి, అయినా ఛాంబర్ నిండి ఉంది. అప్పుడు లోపలికి వచ్చే పైపు మూతి మూసుకుపోయింది. అక్కడ ఇంగ్లీషు T ఆకారంలో ఉండే టీ పైపు ఉంటుంది, దాని కింది కాలు నీళ్లలో మునిగి ఉంటుంది. తెట్టె గట్టిపడి ఆ కాలి చుట్టూ బిరడాలా బిగుసుకుంటుంది. టీ పైపు పై మూతి నుంచి కర్ర దించి నెమ్మదిగా పొడవండి, పక్కల తెట్టెని విడగొట్టండి. ఒక్కసారిగా గలగలమని ఛాంబర్ దిగిపోతే మీ పని అయిపోయినట్లే. బండి ఖర్చు కూడా తప్పినట్లే, కాకపోతే తెట్టె అంత గట్టిపడిందంటే బురద ఎంతుందో కొలవాల్సిందే.

కొలవడం ఇలా. పొడవాటి కర్ర కింది భాగానికి మూడు నాలుగు అడుగుల మేర తెల్ల తువ్వాలు బిగుతుగా చుట్టి దారంతో కట్టండి. నిటారుగా అడుగు తగిలేదాకా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి, మెల్లగా పైకి తీయండి. గుడ్డ మీద కింద నల్లగా, ముద్దగా అంటుకున్నంత మేర బురద. దాని పైన లేత మరకతో తడిసింది నీళ్లు. నీళ్ల లోతు 5 అడుగులైతే బురద, తెట్టె కలిపి అడుగున్నర దాటితే లాగించే సమయం వచ్చింది. అర అడుగే ఉంటే బండితో పనిలేదు, అడ్డు ఇంకెక్కడో ఉంది. కర్రని, గుడ్డని బ్లీచింగ్ నీళ్లతో కడిగి పారేయండి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

నీళ్లు బయటి పైపుని ముంచేసి, మూత దాకా వచ్చి ఉంటే అడ్డు ట్యాంక్ తర్వాత ఉంది.

నాలుగో మెట్టు: బయటి పైపు, ఇంకుడు గుంత

ఇంకుడు గుంత మూత తీయండి. గుంత ఖాళీగా ఉండి ట్యాంక్ పొంగుతోందంటే మధ్య పైపు మూసుకుపోయింది, వైర్ పెట్టి తీయించండి. రెండో గదిలో బయటి పైపుకి కూడా టీ ఉండాలి. అది ఊడి పడిపోతే తెట్టె నేరుగా పైపులోకి, అక్కడి నుంచి గుంతలోకి పోయి గుంతని కూడా పాడుచేస్తుంది. వంద రెండొందల సామాను లేక వేల రూపాయల గుంత పోవడం అంటే ఇదే.

గుంత కూడా నిండుగా ఉంటే నేల పీల్చడం లేదని అర్థం. కారణాలు రెండు. ఒకటి, ఏళ్ల తరబడి సన్నటి బురద, జిడ్డు వచ్చి గోడల మీద నల్లటి జిగట పొరలా పట్టేసి మట్టి రంధ్రాల్ని మూసేయడం. రెండోది భూగర్భజలం గుంత మట్టం దాకా పైకి రావడం. ఏదో తేల్చడానికి ఋతువు చూడండి. మే నెలలో కూడా నిండుగా ఉంటే మొదటిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మాత్రమే ఇబ్బంది పెట్టి సంక్రాంతి తర్వాత సర్దుకుంటే రెండోది.

వానల్లో పొంగితే

మనకి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, తుపాన్లతో వస్తాయి. కోవూరు, ఇందుకూరుపేట, విడవలూరు లాంటి పెన్నా డెల్టా ఊళ్లలో బంకమట్టి ఉంటుంది, చుట్టూ కాలవ నీళ్లు, వరి మళ్లు. వాన లేకపోయినా మళ్లలో నీళ్లు నిలిచిన కాలంలో భూగర్భజలం పైకే ఉంటుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇసుక నేల గబగబా పీలుస్తుంది కానీ కిందే నీళ్లు తగులుతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఏటి పక్క ఊళ్లలో ట్యాంకులు, గుంతలు, వీధి కాలవలు అన్నీ ఒకటే నీటి మట్టంలో ఉన్నాయి.

అలాంటి రోజుల్లో బండి పిలిచి ట్యాంక్ ఖాళీ చేయించకండి. చుట్టూ నేల నీటితో నిండి ఉన్నప్పుడు ఖాళీ ట్యాంక్ మీద బయటి నుంచి ఒత్తిడి పడుతుంది. ఇటుక గోడ పగుళ్లివ్వొచ్చు, ప్లాస్టిక్ ట్యాంకైతే నేలలోంచి పైకి లేచి పైపులు తెంపేస్తుంది. మరీ తప్పకపోతే కొద్దిగా, ఒక అడుగు మేర లాగించి ఆపండి. ఆ వారం పది రోజులు నీళ్ల వాడకం సగానికి తగ్గించండి: బట్టలు వాషింగ్ మెషీన్‌లో వేయకండి, స్నానం నీళ్లు, వంటింటి నీళ్లు విడి పైపుతో బయటికి మళ్లించగలిగితే మళ్లించండి. మిద్దె మీది వాన నీళ్ల గొట్టం ట్యాంకులోకో ఛాంబర్‌లోకో కలిపి ఉందేమో చూడండి. చాలా ఇళ్లలో ఉంటుంది. దాన్ని విడదీయడమే సగం మందు. మూతల చుట్టూ సిమెంటు పూసి, నేల కన్నా అర అడుగు ఎత్తుగా ఉంచితే పెరటి నీళ్లు లోపలికి జారవు.

వరద తీశాక బోరు నీళ్లు కాచకుండా తాగొద్దు. గుంత, బోరు మధ్య 18 మీటర్లు, అంటే సుమారు 60 అడుగుల దూరం ఉండాలని సెప్టిక్ ట్యాంకులకి వర్తించే ఐఎస్ 2470 ప్రమాణం చెబుతుంది. మన చిన్న చిన్న ప్లాట్లలో అంత దూరం దొరకడం కష్టం, పైగా పక్కింటి గుంత మన బోరు పక్కనే ఉండొచ్చు. అందుకే నీళ్లు పరీక్ష చేయించుకోవడం అవసరం.

బండి వచ్చిన రోజు

లాగించాల్సిందే అని తేలితే ఆ రోజు ఇంట్లో ఒకరు దగ్గరుండాలి. రెండు గదుల మూతలూ తీయించండి, ఒక్క మొదటి గది లాగి వెళ్లిపోవడం మామూలే. పైనుండే నీళ్లు మాత్రమే లాగితే బురద అలాగే ఉంటుంది. అడుగు గట్టిపడితే కాసిని నీళ్లు కొట్టి కలియబెట్టి లాగమనండి. అడుగున కొంచెం బురద మిగిలితే మంచిదే, అందులోని సూక్ష్మజీవులే మళ్లీ పని మొదలుపెడతాయి. తోమి కడిగించాల్సిన పనిలేదు. ఎక్కడ పారబోస్తారో అడగండి. మురుగు శుద్ధి కేంద్రానికి తీసుకెళ్లేవాళ్లనే పిలవండి. పంట కాలవలో, చెరువులో వదిలితే అది మళ్లీ మన ఊళ్లోకే వస్తుంది.

లాగుడు అయ్యాక వెంటనే మూత వేయొద్దు. ఇదే అసలు చూడాల్సిన సమయం. బుచ్చిరెడ్డిపాళెం దగ్గర ఒక ఇంట్లో లాగుడు పూర్తయి గొట్టం చుట్టుకుంటుండగా, ఖాళీ అయిన రెండో గదిలో ఏదో చప్పుడు. టార్చి వేస్తే బయటికి పోవాల్సిన పైపులోంచి నల్లటి నీళ్లు బొటనవేలి లావున ట్యాంకులోకే కారుతున్నాయి. బండి అబ్బాయి వెంటనే ఇంటి పెద్దామెని పిలిచాడు.

"చూడు పెద్దమ్మా, గుంతలో నీళ్లు వెనక్కొస్తా ఉండాయి. నేను లాగినా మళ్లీ వారంలో నిండుద్ది."

"మరి ఇన్నేళ్లు ఎవురూ చెప్పలేదే నాయనా? ఇప్పుడేం జెయ్యాల?"

"ముందు ఆ గుంత సంగతి జూడండి. ట్యాంక్ బాగానే ఉంది."

ఆ అబ్బాయి చెప్పిందే సరైన మాట. బయటి పైపులోంచి నీళ్లు వెనక్కి వస్తే గుంత చచ్చిపోయినట్లే. ఇలాగే గోడల్లోంచి తేట నీళ్లు ఊరుతుంటే ట్యాంక్‌కి పగుళ్లున్నాయి, భూగర్భజలం లోపలికి వస్తోంది. టీ పైపులు రెండూ ఉన్నాయా, అడ్డగోడ కూలిందా అన్నవి కూడా పైనుంచే టార్చితో చూసి ఫోటో తీసుకోండి. తర్వాత ట్యాంక్‌లో సగం దాకా మంచినీళ్లు నింపండి.

లాగించే గడువు రెండు మూడేళ్లకోసారి అనుకోవచ్చు. నలుగురి కన్నా ఎక్కువ మంది ఉంటే, ట్యాంక్ చిన్నదైతే ఇంకా ముందే.

ఇంకుడు గుంతని బాగుచేయడం

గుంత నిండిపోయింది కాబట్టి ఇంకా లోతు చేద్దాం అంటారు మేస్త్రీలు. భూగర్భజలం దగ్గరగా ఉన్న ఊళ్లో లోతు చేస్తే మురుగుని నేరుగా తాగునీళ్లలో కలిపినట్లే. వానాకాలంలో నీళ్లు వచ్చే మట్టానికి గుంత అడుగు కనీసం 5, 6 అడుగులు పైన ఉండాలి. అది కుదరకపోతే లోతు తగ్గించి, పొడవు పెంచాలి.

కొత్త గుంత వేసే ముందు నేల పీల్చే వేగం కొలవండి. అనుకున్న లోతు దాకా తవ్వి, అడుగున జానెడు వెడల్పు చిన్న గొయ్యి తీయండి. సాయంత్రం నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. మర్నాడు ఒక జానెడు ఎత్తు నీళ్లు పోసి, ఒక అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. 30 నిమిషాల లోపైతే ఇంకుడు గుంత నడుస్తుంది. 30 నుంచి 60 అయితే గుంత బదులు కందకం వేయాలి: రెండు మూడు అడుగుల లోతు, రెండడుగుల వెడల్పుతో పొడవుగా తవ్వి, కంకర పోసి, మధ్యలో రంధ్రాల పైపు పరిచి, పైన గడ్డి కప్పి మట్టి వేయడం. గంట దాటితే ఆ నేల మీద ఆశ పెట్టుకోవద్దు. ట్యాంక్ తర్వాత కంకర ఫిల్టర్ గది కట్టి, దాంట్లోంచి వచ్చిన నీళ్లని మాత్రమే మురుగు కాలవకి వదలాలి. దానికి ఇంజినీర్‌ని పిలవడం మంచిది. కనిగిరి, పొదిలి లాంటి మెట్ట ప్రాంతాల్లో నాలుగడుగులకే రాయి తగిలే చోట కూడా కందకమే దిక్కు.

స్థలం ఉంటే రెండు గుంతలు వేసి మధ్యలో వాల్వ్ పెట్టించుకోండి. ఒకటి వాడుతుంటే రెండోది ఆరు నెలలు ఎండుతుంది. గాలి తగిలి గోడల మీది జిగట పొర విరిగిపోతుంది, నేల మళ్లీ పీలుస్తుంది. నా లెక్కన మన నేలలకి దీనికి మించిన ఏర్పాటు లేదు. మొదట్లో ఖర్చు కొంచెం ఎక్కువ, ఆ తర్వాత ఏళ్ల తరబడి టెన్షన్ ఉండదు.

స్నానం, బట్టలు, వంటింటి నీళ్లని ట్యాంకులో కలపకుండా విడదీస్తే గుంత మీద భారం సగానికి పైగా తగ్గుతుంది. జిడ్డు పట్టే చిన్న గది ఒకటి పెట్టి ఆ నీళ్లని అరటి, కొబ్బరి పాదులకి వదలొచ్చు. ఆకుకూరల మడికి మాత్రం వద్దు.

కంపు, దోమలు

నీళ్లు బాగానే దిగుతున్నాయి కానీ కంపు కొడుతోందంటే రెండు చోట్లు చూడండి. వాడని బాత్రూమ్‌లో ట్రాప్ నీళ్లు ఆరిపోయి గ్యాస్ ఇంట్లోకి వస్తుంది, వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. రెండోది ట్యాంకు గ్యాసు పైకి పోయే గాలి గొట్టం. అది ఇంటి కప్పు కన్నా 2 మీటర్లు ఎత్తుకి వెళ్లాలి. కందిరీగల గూడో, పక్షి గూడో అడ్డుపడితే కమోడ్ గుడగుడమంటుంది. గొట్టం మూతికి సన్నటి జాలీ తప్పనిసరిగా కట్టండి. బోదకాలు వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమలకి సెప్టిక్ ట్యాంక్ మురుగు మంచి నివాసం. మూత సందులు కూడా మూసేయండి.

ట్యాంకులోకి పోకూడనివి

ప్యాడ్లు, డైపర్లు, తడి వైప్స్, వెంట్రుకలు, గుట్కా కవర్లు, సిగరెట్ ముక్కలు, ఖాళీ మాత్రల అట్టలు. చేపల పులుసు గిన్నె అడుగు నూనెని సింక్‌లో పోయకుండా కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. చేప పొలుసులు సింక్‌లో కడిగితే ట్రాప్ దాటి పైపు బెండుల్లో పేరుకుంటాయి. ఆర్ఓ ఫిల్టర్ వదిలేసే నీళ్లు రోజంతా ట్యాంకులోకి పోతుంటే ఆ పైపు తీసి బకెట్‌లో పెట్టి ఇల్లు తుడవడానికి వాడుకోండి. ఫ్లష్ ట్యాంక్ కారుతోందేమో తెలియాలంటే అందులో చిటికెడు పసుపు కలిపి, అరగంట వాడకుండా వదిలేసి, కమోడ్‌లో రంగు దిగిందేమో చూడండి. కారే ఫ్లష్ ఒక్కటే రాత్రీ పగలూ గుంతని నింపుతుంది.

బజార్లో అమ్మే బ్యాక్టీరియా పొడులు, బెల్లం, ఈస్ట్, పేడనీళ్లు పోయాల్సిన అవసరం లేదు. కావాల్సిన సూక్ష్మజీవులు మన మలంతోనే వెళ్తాయి. ఏ పొడీ పేరుకున్న బురదని మాయం చేయదు, మూసుకున్న గుంతని తెరవదు.

సంక్రాంతికి పిల్లలు, అల్లుళ్లు, మనవలు దిగితే నలుగురి ట్యాంక్ మీద ఒక్కసారి పన్నెండు మంది భారం పడుతుంది. పండక్కి పొంగే ఇళ్లు ఎక్కువ ఉండేది ఇందుకే. ఏటా సెప్టెంబరులో, పెద్ద వానలు మొదలయ్యే ముందే, కర్రకి గుడ్డ కట్టి బురద కొలవండి. లాగించాల్సి ఉంటే ఆ నెలలోనే లాగించండి, అప్పుడు బండ్లు కూడా సులువుగా దొరుకుతాయి.

వాకిట్లో టైల్స్ వేయించబోతున్నట్లయితే, అంతకుముందే ప్రతి మూతా ఇంటి మూల నుంచి ఎన్ని అడుగుల దూరంలో ఉందో టేపుతో కొలిచి, పైపు ఎటు పోతోందో గీసి, ఫోటోలతో సహా ఇంటి కాగితాల్లో పెట్టండి. మూతల మీద టైల్స్ అతికించకుండా, పైకి తీయగలిగే చట్రం పెట్టించమని మేస్త్రీకి ముందే చెప్పండి.